మృదంగం మీద మొదటి నాలుగు దెబ్బలు: ఇంట్లో సాధన ఎలా మొదలుపెట్టాలి

"మృదంగం కొన్నాం, గురువు దొరికేలోపు ఇంట్లో ఏం చేయవచ్చు?" "వీడియోలు చూసి వాయిస్తున్నాను, నం ఎంతకీ పలకడం లేదు, వాద్యంలోనే లోపమా?" "వేళ్ళు మండుతున్నాయి, సరిగ్గానే వాయిస్తున్నానా?" ఈ మూడు ప్రశ్నలే మాటలు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటికి జవాబులన్నీ ఒకేచోట రాస్తున్నాను.

ముందే హద్దు చెప్పేస్తాను. ఇది త, ధి, తొం, నం అనే నాలుగు దెబ్బల వరకే. చాపు, గుమికి లాంటి కష్టమైన దెబ్బలు చూసి, విని, గురువు మీ చెయ్యి పట్టుకుని సరిదిద్దితేనే వస్తాయి. వాటిని రాతలో నేర్పగలమని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఈ నాలుగింటిని మాత్రం శ్రద్ధ ఉంటే ఇంట్లో మొదలుపెట్టవచ్చు.

ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి. కొత్తవాళ్ళ దృష్టంతా ఎంత గట్టిగా కొట్టాలన్న దాని మీదే ఉంటుంది. నాదాన్ని తేల్చేది బలం కాదు, దెబ్బ పడిన తరువాత చెయ్యి ఏం చేస్తుందన్నది. త, ధి పలికేటప్పుడు చెయ్యి చర్మం మీదే ఉండిపోతుంది. తొం పలికేటప్పుడు వెంటనే లేచిపోతుంది. నంలో ఒక వేలు లేస్తుంది, ఇంకొకటి ఉండిపోతుంది. కింద చెప్పిన తప్పుల్లో ఎక్కువ భాగం ఉండాల్సిన చెయ్యి లేవడం వల్లా, లేవాల్సిన చెయ్యి ఉండిపోవడం వల్లా వచ్చేవే.

కావలసినవి

- మృదంగం. హెచ్చు శ్రుతి వాద్యం కాస్త పొట్టిగా, సుమారు 22 అంగుళాలు ఉంటుంది. తగ్గు శ్రుతిది సుమారు 24 అంగుళాలు. చిన్నపిల్లలకు హెచ్చు శ్రుతిదే చేతికి అందుతుంది. పెద్దవాళ్ళు ఏదైనా తీసుకోవచ్చు. తోలు వార్లున్నదైనా, బోల్టులు బిగించేదైనా ఈ పాఠానికి తేడా లేదు. కొనేముందు మాత్రం వాయించడం వచ్చినవారి చేత ఒకసారి పలికించి చూడండి.
- కూర్చోవడానికి చాప లేదా దుప్పటి, వాద్యం దొర్లకుండా కింద పెట్టడానికి చుట్టిన తువ్వాలు.
- సన్నని బొంబాయి రవ్వ రెండు చెంచాలు, నీళ్ళు, మెత్తని గుడ్డ, మొద్దు అంచున్న చెంచా.
- తంబూరా శ్రుతి, మెట్రోనోమ్ వినిపించే ఫోను. దానితోనే రికార్డు కూడా చేసుకోవచ్చు.
- కత్తిరించిన గోళ్ళు. ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయాలి. ఉంగరం ఒక్కసారి గట్టిగా తగిలినా కరణి (కుడి ముఖం మధ్యనుండే నల్లటి పూత) పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

మృదంగం ఇంకా చేతికి రాలేదా? లావుపాటి పుస్తకానికి తువ్వాలు చుట్టి, రెండు మోకాళ్ళ పక్కన ఒక్కొక్కటి నిలబెట్టి చేతి కదలికలు అలవాటు చేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్లో రాత్రిపూట సాధనకూ ఇదే దారి. ఇంట్లో ఢోలక్ ఉంది కదా అని దాని మీద మొదలుపెట్టవద్దు. దాని కుడి వైపున నల్లటి కరణి ఉండదు కాబట్టి నం రాదు, తప్పుడు అలవాటు మాత్రం వస్తుంది. తబలా కుడి చేతికి కొంత దగ్గరే అయినా, ఎడమ చెయ్యి పద్ధతి పూర్తిగా వేరు.

1. ముందు నోటితో

వాద్యాన్ని తాకకుండా ఆది తాళం వేస్తూ "త, ధి, తొం, నం" అని పైకి చెప్పండి. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆ తరువాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది అక్షరాలు. మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఒక్కో లెక్కకు ఒక్కో జతి, అంటే త, ధి లాంటి ఒక్కో పలుకు, చెప్పాలి. నోటిలో తడబడేది చేతిలో నిలబడదు. చాలామంది ఈ మెట్టును దాటేసి వాద్యం దగ్గరికి పరుగెడతారు, రెండో కాలం (రెండింతల వేగం) రాగానే మళ్ళీ ఇక్కడికే వస్తారు.

2. కూర్చునే తీరు

నేల మీద కూర్చుని ఎడమ కాలు మడవండి. కుడి కాలు కొంచెం ముందుకు చాపి, మృదంగం కుడి వైపు భాగాన్ని ఆ పాదం, చీలమండ మీద ఆనించండి. ఎడమ మోకాలు వాద్యానికి ఆసరాగా ఉంటుంది. కరణి ఉన్న చిన్న ముఖం కుడి చేతికి, పెద్ద ముఖం (తొప్పి) ఎడమ చేతికి రావాలి. వాద్యం నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి.

సరిచూసుకునే తీరు: రెండు చేతులూ కిందికి జారవిడిచి, మోచేతులు మాత్రమే మడిచి పైకి తెస్తే అరచేతులు రెండు ముఖాల ముందుకు రావాలి. అందుకోసం భుజాలు ఎత్తాల్సి వస్తే వాద్యం ఎత్తు ఎక్కువైందన్నమాట, కింద తువ్వాలు తగ్గించండి. కాలు తిమ్మిరెక్కితే లేచి నాలుగడుగులు వేసి రండి. ఓర్చుకుని కూర్చుంటే నడుము వంగి, చెయ్యి పడే చోటు మారిపోతుంది. కింద కూర్చోలేని పెద్దవారు కుర్చీలో కూర్చుని, వాద్యాన్ని అంతే ఎత్తున్న బల్ల మీద పెట్టుకోవచ్చు.

3. ఎడమ వైపు రవ్వ పెట్టడం

ఎడమ వైపు గంభీరంగా మోగడానికి ఆ చర్మం మధ్యన తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. దీని గురించి ఎక్కడా వివరంగా చెప్పరు. తొం పలకలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడి పొరపాటే.

రవ్వలో కొద్దికొద్దిగా నీళ్ళు పోసి కలపండి. అయిదు నిమిషాలు నాననిచ్చి, అరచేతిలో బాగా పిసకండి. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంటలో నీరు ఊరకూడదు. ఈలోగా ఎడమ చర్మం మధ్య భాగాన్ని తడి చేత్తో రుద్ది మెత్తబరచండి. ఎండిన చర్మం మీద రవ్వ నిలవదు, పదో దెబ్బకు ఒళ్ళో పడుతుంది. ఇప్పుడు ఉసిరికాయంత ముద్ద తీసుకుని నడిమధ్యన పెట్టి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ గుండ్రంగా పరచండి. మధ్యలో కాస్త మందంగా, అంచుల దగ్గర పలుచగా చర్మంలో కలిసిపోయినట్టు ఉండాలి. అంచు మెట్టులా నిలబడితే అక్కడి నుంచే ఊడుతుంది.

ఇక నాదం వినండి. ఎడమ వైపు విప్పుగా, అంటే వెంటనే చెయ్యి తీసేస్తూ, ఒక దెబ్బ వేస్తే, కుడి వైపు శ్రుతికి కింది స్థాయిలో గంభీరంగా మోగాలి. డొల్లగా, పైకి పలికితే ఇంకొంచెం రవ్వ కలపండి. బొంగురుగా, మోత వెంటనే చచ్చిపోయినట్టు ఉంటే చిటికెడు తీసేయండి. ఒకేసారి ఎక్కువ పెట్టి తీయడం కంటే తక్కువతో మొదలుపెట్టి కలుపుకుంటూ పోవడం సులువు. సాధన మధ్యలో రవ్వ ఎండి బీటలు వారితే తడి వేలితో ఒకసారి నిమిరితే చాలు.

ఈ మధ్య రవ్వకు బదులు అతికించే కృత్రిమ పూతలు కూడా దొరుకుతున్నాయి. రోజూ కలిపే తీరిక లేనివారికి అవి పనికొస్తాయి. నా ఓటు రవ్వకే. కాస్త కలపడం, కాస్త తీయడంలోనే చెవికి తొం నాదం అలవాటవుతుంది.

4. త

ఎడమ చెయ్యి. బొటనవేలు వదిలి మిగతా నాలుగు వేళ్ళూ కలిపి, చదునుగా తొప్పి మీద వేయండి. వేసిన చెయ్యి అక్కడే ఆగాలి. మోత ఉండకూడదు, పొట్టిగా మూసిన శబ్దం రావాలి. దెబ్బ మణికట్టు నుంచి రావాలి, మోచెయ్యి పైకీ కిందికీ ఊగకూడదు.

5. ధి

కుడి చెయ్యి. మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్ళు మూడూ కలిపి కరణి నడిమధ్యన వేసి ఆపండి. చూపుడు వేలు పైకి ఉండాలి, చర్మానికి తగలకూడదు. శబ్దం పొడిగా, తెగ్గోసినట్టు ఉండాలి. వెనకాల సన్నగా మోగుతోందంటే వేళ్ళు ఎగిరి లేస్తున్నాయన్నమాట. రెండు మూడు టకటకలు కలిసి వినబడితే మూడు వేళ్ళూ ఒకేసారి పడడం లేదు. మెల్లగా, వేళ్ళ మధ్య సందు లేకుండా మళ్ళీ వేయండి.

కొందరు గురువులు దీనికి రెండు వేళ్ళే వాడిస్తారు. మరికొందరు మొదటి పాఠంలో "త"ను కుడి చేత్తో వేయిస్తారు. బాణీని బట్టి ఈ తేడాలుంటాయి, ఏదీ తప్పు కాదు. మీ గురువు మరోలా చెబితే ఇక్కడ రాసింది పక్కన పెట్టి వారు చెప్పినట్టే చేయండి.

6. తొం

మళ్ళీ ఎడమ చెయ్యి, ఈసారి విప్పిన దెబ్బ. నాలుగు వేళ్ళ కొనలతో తొప్పి అంచు వైపు, రవ్వకు తగలకుండా వేయాలి. వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి వచ్చేయాలి. మోత దానంతట అది ఆగేవరకు వినండి.

తొం కోసం బలం పెంచుకుంటూ పోవడం అందరూ చేసే పొరపాటే. బలంగా కొట్టినకొద్దీ చెయ్యి ఎక్కువసేపు చర్మం మీద ఉంటుంది, మోత తగ్గుతుంది. పరీక్ష కావాలంటే ఒకసారి బలంగా, ఒకసారి సగం బలంతో త్వరగా చెయ్యి తీసి వాయించి రికార్డు చేయండి. రెండోదే నిండుగా ఉంటుంది. కుడి చెయ్యి కుడి ముఖాన్ని తాకుతూ ఉన్నా తొం నాదం కుదించుకుపోతుంది, అది కూడా గమనించండి.

7. నం

అసలు చిక్కు ఇక్కడే. కుడి ముఖాన్ని దగ్గర నుంచి చూడండి. మధ్యలో నల్లటి కరణి, దాని చుట్టూ సన్నగా లోపలి చర్మం, దాని మీద వెడల్పాటి ఉంగరంలా బయటి చర్మం. ఈ బయటి చర్మాన్ని మీటు అంటారు. మీటు కింద చీపురు పుల్లల ముక్కలో, సన్నని రాళ్ళో కనబడితే కంగారుపడి తీసేయకండి. నాదం కోసం కావాలని పెట్టినవే అవి.

ఇప్పుడు వరుసగా చేయండి.

ముందు ఉంగరపు వేలి కొనను కరణి అంచున, నలుపూ చర్మమూ కలిసేచోట ఆనించండి. నొక్కవద్దు, తాకి ఉంటే చాలు. తరువాత చూపుడు వేలిని చాపి, మీటు మీద అంచు వైపు వేసి వెంటనే పైకి తీయండి. ఉంగరపు వేలు కదలకూడదు. చేతి బరువు ఎక్కడా ఆనకూడదు.

సరిగ్గా పడితే గంట కొట్టినట్టు స్పష్టమైన స్వరం వస్తుంది. తంబూరా పెట్టుకుంటే ఆ స్వరం షడ్జంలో (స) కలుస్తుంది. ఉంగరపు వేలు తాకడం వల్ల చర్మం మొత్తం ఊగే బొంగురు మోత అణిగి, పై స్వరం తేలుతుంది. కరణి వల్ల ఈ స్వరాలు ఒకదానితో ఒకటి ఎలా పొసగుతున్నాయో సి.వి. రామన్ పరిశోధించి 1920లో, మళ్ళీ 1934లో పత్రాలు ప్రచురించారు. మనకు ఇప్పుడు అంతవరకు చాలు.

పలకకపోతే ఈ వరుసలో వెతకండి:

- "డుం" అని లావుగా మోగుతోంది: ఉంగరపు వేలు తాకడం లేదు, లేదా దెబ్బతో పాటే లేచిపోతోంది.
- "టప్" అని చచ్చిన శబ్దం: ఉంగరపు వేలు నొక్కుతున్నారు, లేదా చూపుడు వేలు మీటు మీదే ఉండిపోతోంది.
- చెక్క మీద కొట్టినట్టుంది: వేలు మరీ బయటికి, అంచున ఉన్న తోలు జడ మీద పడుతోంది. అర అంగుళం లోపలికి జరపండి.
- స్వరం వస్తోంది, చిటపట కలుస్తోంది: మిగతా వేళ్ళు చర్మానికి తగులుతున్నాయి, లేదా గోరు పెరిగింది.
- ఒకచోట పలికి, వాద్యం కాస్త తిప్పగానే స్వరం మారుతోంది: మీ చెయ్యి కాదు, వాద్యమే శ్రుతి తప్పింది.

చివరిదాని గురించి ఒక మాట. కుడి ముఖం చుట్టూ వార్లు వెళ్ళే 16 కన్నులుంటాయి. వాటి దగ్గరంతా ఒకే స్వరం పలకాలి. జడ మీద రాయితో, పుల్లతో పైనుంచి కిందికి తడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి పైకి తడితే తగ్గుతుంది. సూత్రం ఇంతే, చేయడం వేరే సంగతి. గురి తప్పిన ఒక్క దెబ్బకు చర్మం చిరుగుతుంది, అప్పుడు మూత మార్పించాల్సి వస్తుంది. మొదటి నెలల్లో శ్రుతి చేయడం వచ్చినవారికే వదిలేయండి. వానాకాలంలో తేమకు శ్రుతి దిగడం, ఎండలకు ఎక్కడం మామూలే. కొద్దిపాటి తేడా ఉన్నప్పుడు తంబూరా శ్రుతినే వాద్యానికి తగ్గట్టు మార్చుకుని సాధన చేయండి.

8. నాలుగూ కలిపి

ముందు ఒక్కో దెబ్బ విడిగా నిలకడగా రావాలి. నం ఇంకా పదిసార్లలో మూడుసార్లే పలుకుతుంటే కలపడానికి తొందరపడవద్దు. వచ్చాక ఆది తాళంలో మూడు కాలాలు:

మొదటి కాలం: త | ధి | తొం | నం | త | ధి | తొం | నం
రెండో కాలం: త ధి | తొం నం | త ధి | తొం నం | త ధి | తొం నం | త ధి | తొం నం
మూడో కాలం: ఒక్కో లెక్కకు త ధి తొం నం పూర్తిగా, అలా ఎనిమిదిసార్లు

తాళం వేగం మారదు. ఒక్కో లెక్కలో పడే జతులే రెండింతలు, నాలుగింతలు అవుతాయి. మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టి మొదటి కాలంతో మొదలుపెట్టండి. రెండో కాలంలో నం మసకబారితే అక్కడే ఆగి మెట్రోనోమ్ 40కి దించండి. మూడో కాలం వచ్చేసిందని సంబరపడేవారిలో చాలామందికి అందులో తొం, త రెండూ ఒకేలా వినబడుతుంటాయి. వేగంలో మొదట పోయేది చెయ్యి తీసే సమయమే.

వాయిస్తున్నంతసేపూ జతులు పైకి చెబుతూ ఉండండి. సిగ్గుగా ఉంటే గొణగండి, మానవద్దు.

9. నిజంగా వచ్చిందా?

ఇంట్లో ఒకరిని మీకు వీపు తిప్పి కూర్చోమనండి. వరుస మార్చి ఇరవై దెబ్బలు వేయండి, ఏది ఏదో వారు చెప్పాలి. వారికి సంగీతం రానక్కర్లేదు, నాలుగు శబ్దాలనూ ముందు ఒకసారి వినిపిస్తే చాలు. తకూ తొంకూ తికమకపడితే ఎడమ చెయ్యి, ధికీ నంకూ తికమకపడితే కుడి చెయ్యి సరిచేసుకోవాలి.

ఎవరూ లేకపోతే ఫోను మూడు అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేయండి. వెంటనే వినకుండా మర్నాడు వినండి. వాయించిన వెంటనే వింటే, చెవి చెయ్యి అనుకున్నదే వింటుంది. మొదటి నం, చివరి నం ఒకేలా ఉన్నాయా, ఎడమ చెయ్యి కుడిచేతిని మింగేస్తోందా, ఈ రెండూ చూడండి.

వేలి కొనలు ఎర్రబడి మొదట్లో కాస్త మండడం సహజమే. మణికట్టులో, ముంజేతిలో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు ఆపేయండి. అది కండ పెరగడం కాదు, బిగబట్టి కొడుతున్నారని అర్థం. వేలు వాస్తే తగ్గేవరకు తాకవద్దు. రోజూ ఇరవై నిమిషాలు, ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు, ఈ రెండింటిలో మొదటిదే చేతికి పట్టుబడుతుంది.

10. దించి పెట్టేముందు

రవ్వను అలాగే వదిలేసి లేవకండి. ఎండితే రాయిలా పట్టుకుని, తీసేటప్పుడు చర్మాన్ని లేపుకొస్తుంది. వేసవిలో పురుగులు, చీమలు కూడా చేరతాయి. మెత్తగా ఉన్నప్పుడే చెంచా మొద్దు అంచుతో తీసి, తడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వండి. అప్పుడే ఎండిపోయి ఉంటే తడిగుడ్డ కాసేపు కప్పి నానబెట్టి తీయాలి, గోకవద్దు. కరణి వైపు నీటిచుక్క పడకూడదు, పొడిగుడ్డతోనే తుడవాలి.

సంచిలో పెట్టి గోడవార ఉంచండి. ఎండలో, కారు డిక్కీలో, ఏసీ గాలి నేరుగా తగిలేచోట వద్దు. అమెరికా, కెనడాల్లో ఉండేవారు చలికాలంలో హీటర్‌కు దూరంగా పెట్టాలి. ఆ పొడిగాలికి చర్మం బిగుసుకుని, శ్రుతి పైకెక్కి, ఒక్కోసారి పగులుతుంది.

తరచూ అడిగే మరికొన్ని

ఎడమచేతి వాటం వాళ్ళు ఏం చేయాలి? వాద్యాన్ని తిప్పి, కరణి ఎడమ చేతికి వచ్చేలా పెట్టుకుని, ఇక్కడ కుడి అన్నచోట ఎడమ అని చదువుకోండి. మృదంగ విద్వాంసుల్లో అగ్రశ్రేణికి చెందిన పళని సుబ్రమణ్య పిళ్ళై ఎడమచేతి వాటం వారే. పిల్లలను బలవంతంగా కుడికి మార్చనక్కర్లేదు.

అమ్మాయిలకు కష్టమా? పైన చెప్పిన దాంట్లో బలంతో పని ఎక్కడా లేదు కదా. విజయవాడకు చెందిన విదుషీమణి నిడుమోలు సుమతి మృదంగ వాదనకే 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంట్లో ఎవరైనా సందేహిస్తే ఆమె కచేరీ ఒకటి వినిపించండి.

ఏ శ్రుతి వాద్యం కొనాలి? ఒంటరి సాధనకు ఏదైనా ఒకటే. ఇంట్లో పాడేవారితో కలిసి వాయించాలంటే వారి శ్రుతి అడిగి కొనండి. శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కలో చెబుతారు: మగవారు ఎక్కువగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవారు అయిదు, అయిదున్నర దగ్గర పాడతారు.

గురువు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? వీపు తిప్పి వినే పరీక్షలో నాలుగూ నెగ్గగానే వెళ్ళండి, ఇంకా ఆలస్యం వద్దు. నం రాక నెల రోజులుగా కుస్తీ పడుతున్నా వెళ్ళండి. మీ రికార్డింగు కాదు, మీ మృదంగాన్నే తీసుకుని వెళ్ళి, ముందు వారినే దాని మీద నం పలికించమనండి. వారికీ పలకకపోతే వాద్యాన్ని బాగుచేయించాలి. పలికితే, ఆ ఉంగరపు వేలు ఎక్కడ ఆనిందో పక్కన కూర్చుని చూడండి.